మెలటోనినా, మెగ్నీషియమా, అశ్వగంధా? పిల్లలు పుట్టాలని చూసే ఆడవాళ్లకు నిద్ర గోళీల్లో ఏది మేలు

వరంగల్, హనుమకొండ మెడికల్ షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే నిద్రకని చేతిలో పెట్టేవి ముఖ్యంగా నాలుగు: మెలటోనిన్, మెగ్నీషియం, అశ్వగంధ, తగర. అన్నీ ఒకే అరలో ఉంటాయి కాబట్టి అన్నీ ఒకటే పని చేస్తాయనుకుంటాం. కానీ వాటిలో మెలటోనిన్ హార్మోను, మెగ్నీషియం ఖనిజం, మిగిలిన రెండూ వేర్లు. నెలసరి మీద, అండం విడుదల మీద ఒక్కోదాని ప్రభావం ఒక్కో తీరు.

డబ్బా వెనక్కి తిప్పి చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉంటే చట్టం లెక్కలో అది ఆహారమే, మందు కాదు. మందుకు జరిగే పరీక్షలు దానికి జరగవు. 2017లో కెనడా పరిశోధకులు బజారులో అమ్మే 31 మెలటోనిన్ రకాలను పరీక్షిస్తే, కొన్నింట్లో లేబుల్ మీద రాసినదానికన్నా 83 శాతం దాకా తక్కువ, కొన్నింట్లో 478 శాతం దాకా ఎక్కువ తేలింది. అందుకే డబ్బా మీది మి.గ్రా. అంకెను సగమే నమ్మాలి.

ఏ గోళీ అని తేల్చేముందు రెండు నెలలు క్యాలెండరు మీద గీతలు పెట్టండి. నిద్ర పట్టని రాత్రికి ఒక గీత, ముట్టు వచ్చిన రోజుకు ఒక చుక్క. గీతలు ఎక్కడ గుంపు కడుతున్నాయో చూస్తే సగం సంగతి తేలుతుంది.

గీతలన్నీ ముట్టుకు ముందు అయిదారు రోజుల్లోనే ఉంటే కారణం చాలావరకు ప్రొజెస్టిరాన్. అండం విడుదలయ్యాక ఈ హార్మోను పెరిగి ఒంటి వేడిని 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచుతుంది. చల్లబడితేనే నిద్ర పట్టే శరీరానికి ఇది ఇబ్బంది, అదీ మన రామగుండం ఎండల్లో. నెల చివర అదే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. దానితో పాటు అది ఇచ్చే మత్తు కూడా పోతుంది. ఈ రకం నిద్రలేమికి మెలటోనిన్ పెద్దగా పనికిరాదు.

మంచం ఎక్కగానే పిక్కల్లో జిలలు, కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం ఉంటే సప్లిమెంటు డబ్బులు దాచుకుని సీరం ఫెరిటిన్ పరీక్ష (ఒంట్లో నిలవున్న ఇనుము ఎంతో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. ముట్టులో రక్తం ఎక్కువ పోతే ఇనుము తగ్గుతుంది, ఇనుము తగ్గితే కాళ్లు నిలకడగా ఉండవు, కాళ్లు నిలవకపోతే నిద్ర రాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) లెక్కల్లో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నిద్ర గోళీలు మింగుతున్న చాలామందికి అసలు కావలసింది ఇనుము గోళీ. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు, రెండూ చూడాలి. పీసీఓడీ (అండం సరిగ్గా విడుదల కాక నెలసరి తప్పే హార్మోన్ల సమస్య) ఉండి, బరువు పెరిగి, గురక కూడా ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఏమోనని చూపించుకోవాలి. అక్కడ ఏ గోళీ అయినా దండగే.

నెలంతా పడుకున్నాక గంటన్నర దాకా కన్ను మూతపడకపోతేనే మెలటోనిన్ మాట. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ తిరిగే నర్సులు, లైటు కింద అర్ధరాత్రి దాకా బీడీలు చుట్టే జగిత్యాల, సిరిసిల్ల ఆడవాళ్లు, మంచంలో ఫోను వదలనివాళ్లు, అందరి కథా ఒకటే: కంట్లో వెలుగు పడుతున్నంతసేపూ మెదడు మెలటోనిన్ వదలదు. షిఫ్టులు మారుతూ పనిచేసేవాళ్లలో నెలసరి లెక్క తప్పడం ఎక్కువ కనిపిస్తుందని కూడా పరిశోధనల్లో తేలింది.

చీకట్లో శరీరం తనంతట తాను వదిలే మెలటోనిన్ చాలా కొద్ది. బయటినుంచి 0.3-0.5 మి.గ్రా. ఇస్తే దాదాపు ఆ స్థాయికి వస్తుంది. ఇక్కడ దొరికేవేమో 3, 5, 10 మి.గ్రా. గోళీలు. మొదలుపెట్టాలంటే 3 మి.గ్రా. మామూలు గోళీని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క చాలు. నెమ్మదిగా కరిగే రకాన్ని కోయొద్దు, కోస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. గమ్మీలను సమానంగా కోయడం ఎవరి తరమూ కాదు. పడుకునే గంట ముందు వేసుకుని లైటు తగ్గించాలి. వేసుకుని ఫోను చూస్తే, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు డ్యూటీకి వెళ్లేటప్పుడు కాదు, పొద్దున ఇంటికొచ్చి పడుకునే ముందు వేసుకోవాలి.

దీనివల్ల అండం ఆగిపోతుందా అన్నది చాలామంది భయం. 1992లో నెదర్లాండ్స్‌లో 300 మి.గ్రా. మెలటోనిన్‌ను ప్రొజెస్టిన్‌తో (ప్రొజెస్టిరాన్ లాంటి మందుతో) కలిపి ఇచ్చి గర్భనిరోధకంగా పనిచేస్తుందేమో పరీక్షించారు. అండం విడుదల ఆగింది. ఆ 300 మి.గ్రా.కూ పావు గోళీకీ పోలికే లేదు. ఆ మాట పట్టుకుని ఒక మి.గ్రా.కు భయపడనక్కర్లేదు. కానీ ఎన్నో చక్రాలను నడిపే హార్మోను అని తెలిసీ 10 మి.గ్రా. నెలల తరబడి మింగడం తెలివి కాదు. పీసీఓడీ, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒంటికి సరిగ్గా పనిచేయకపోవడం) ఉన్నవాళ్లు అన్నం తిన్న రెండు గంటల తర్వాతే వేసుకోవాలి. మెలటోనిన్ ఒంట్లో ఎక్కువగా ఉన్నప్పుడు తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. రాత్రి పదింటికి తిని పదిన్నరకు గోళీ వేసుకునే ఇళ్లలో ఈ తప్పే జరుగుతుంది.

గర్భనిరోధక గోళీలు వాడుతుంటే లెక్క ఇంకా మారుతుంది. వాటిలోని ఈస్ట్రోజెన్ కాలేయంలో మెలటోనిన్‌ను విరిచే ఎంజైమును మందగింపజేస్తుంది. అదే గోళీ ఇంకా ఎక్కువ బలంతో పనిచేసి, పొద్దున తల దిమ్ముగా ఉంటుంది. చాయ్‌లోని కెఫీన్‌ను విరిచేదీ ఆ ఎంజైమే కాబట్టి, సాయంత్రం ఆరింటి చాయ్ అర్ధరాత్రి దాటినా ఒంట్లో తిరుగుతుంటుంది. గోళీ కొనేకన్నా ఆ చాయ్ మానడం చవక.

ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) సెంటర్లలో 3 మి.గ్రా. మెలటోనిన్ రాసేది నిద్రకు కాదు. అండాన్ని చుట్టి ఉండే ద్రవంలో మెలటోనిన్ రక్తంలో కన్నా ఎక్కువ ఉంటుంది, అది అండాన్ని ఆక్సీకరణ దెబ్బనుంచి కాపాడుతుందన్న ఆలోచనతో రాస్తారు. ఆలోచన బాగుంది, ఫలితమే ఇంకా చిక్కలేదు. 2018లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో 160 మందితో వేర్వేరు మోతాదులను పరీక్షించినా గర్భం నిలిచే శాతంలో తేడా కనిపించలేదు. డాక్టరు రాస్తే వాడండి, సొంతంగా కలుపుకోవద్దు.

మెగ్నీషియం నెమ్మది మనిషి లాంటిది. నిద్రను తన్ని తేదు. కండరాలు బిగుసుకోవడం, ముట్టుకు ముందు చిరాకు, కడుపునొప్పి ఉన్నవాళ్లకు కొంత సాయం చేస్తుంది. హార్మోన్ల జోలికి పోదు. పిల్లల కోసం చూసేవాళ్లకు మా మొదటి ఎంపిక ఇదే, అందుకు కారణం బలం కాదు, నిరపాయం. గ్లైసినేట్ రకం తీసుకోండి. ఆక్సైడ్ చవకే కానీ ఒంటికి పట్టేది తక్కువ, విరేచనాలు ఎక్కువ. రాత్రి 100-200 మి.గ్రా. మెగ్నీషియంతో మొదలుపెట్టి, సప్లిమెంటు రూపంలో 350 మి.గ్రా. దాటొద్దు. డబ్బా మీద 'గ్లైసినేట్ 1000 మి.గ్రా.' అని పెద్దక్షరాలతో ఉంటుంది. అందులో అసలు మెగ్నీషియం ఎంతో చిన్నక్షరాల్లో వెతకాలి. థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ గోళీకి దీనికి నాలుగు గంటల ఎడం ఉంచాలి. పొద్దున పరగడుపున ఒకటి, రాత్రి ఒకటి అంటే సరిపోతుంది. ఇనుము గోళీ, డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ వాడుతుంటే కనీసం రెండు మూడు గంటల ఎడం. కిడ్నీ సమస్య ఉంటే అసలు వద్దు. జొన్న రొట్టె, పల్లీలు, సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల పొడి రోజూ ఉన్న ఇంట్లో సగం పని వంటింట్లోనే అయిపోతుంది. రెండు పెద్ద చెంచాల నువ్వుల పొడిలో దాదాపు 60 మి.గ్రా. మెగ్నీషియం ఉంటుంది.

అశ్వగంధ విషయంలో మొహమాటం పనికిరాదు. పెన్నేరు గడ్డ అంటే మన ఊళ్లలో తెలియనిది కాదు, 'ఆయుర్వేదమే కదా' అని వెనకా ముందూ చూడరు. 300 మి.గ్రా. వేరు సారం రోజుకు రెండుసార్లు, ఎనిమిది వారాలు వాడిన చిన్న పరిశోధనల్లో నిద్ర, ఆందోళన మెరుగైన మాట నిజమే. కానీ అది థైరాయిడ్ హార్మోన్లను పైకి తోస్తుంది. ఇప్పటికే థైరాక్సిన్ వాడుతున్నవాళ్లకు మోతాదు మించి గుండెదడ, నెలసరి తారుమారు కావొచ్చు. మగవాళ్లలో చేసిన కొన్ని పరీక్షల్లో టెస్టోస్టెరాన్ కొద్దిగా పెరిగింది. పీసీఓడీ ఆడవాళ్ల బాధ చాలావరకు ఆ హార్మోనుతోనే. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. గర్భంలో వాడకూడదని చెబుతారు. డెన్మార్క్ 2023లో నిషేధించడానికి చెప్పిన కారణాల్లో థైరాయిడ్, సెక్స్ హార్మోన్లు రెండూ ఉన్నాయి. గర్భం వచ్చిన సంగతి తెలిసేసరికి నాలుగో వారం దాటుతుంది, అప్పటిదాకా మింగుతూనే ఉంటారు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుని, గర్భనిరోధకం వాడుతూ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకున్నవాళ్లకు ఎనిమిది వారాలు సరే. మిగతావాళ్లకు మా మాట: వద్దు.

తగర గురించి చెప్పుకునేంత లేదు. నిద్రకు పనిచేస్తుందన్న ఆధారం పలచన, గర్భంలో భద్రత తేల్చే పరీక్షలు లేవు. వాసన మాత్రం ఘాటు.

'మహిళల నిద్ర' పేరుతో వచ్చే మిశ్రమాల్లో చేస్ట్‌బెర్రీ అనే మొక్క సారం కలుపుతున్నారు. అది ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోను)ను, దాని ద్వారా నెలసరిని కదిలిస్తుంది. అది మన వావిలి చెట్టే అనుకుని ఆకులు కాచి తాగొద్దు, రెండూ ఒకే కుటుంబమైనా వేరు జాతులు. బయోటిన్ కలిపిన గమ్మీలు ఇంకో తలనొప్పి: టీఎస్‌హెచ్, ప్రొజెస్టిరాన్ రిపోర్టులను తప్పు చూపిస్తాయి. రక్తం ఇచ్చే రెండు మూడు రోజుల ముందే ఆపాలి.

ఇంటి చిట్కాల్లో గోరువెచ్చని పాలు, చిటికెడు గసగసాలు మామూలుగా హాని చేయవు. జాజికాయ మాత్రం చిటికెడు చాలు, మోతాదు బాగా మించితే విషమే. నిద్రకని కల్లు తాగే అలవాటు మాత్రం పిల్లల కోసం చూసే ఇంట్లో ఆగాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని ఎక్సైజ్ దాడుల్లో మళ్లీ మళ్లీ బయటపడుతూనే ఉంది. ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్ రావొచ్చు. అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు ఆసుపత్రి సాయంతోనే మానాలి.

పిల్లల కోసం చూస్తూ, అండం ఎప్పుడు విడుదలైందో తెలుసుకోవడానికి రోజూ పొద్దున ఒంటి వేడి రాసుకునేవాళ్లు ఏ గోళీనైనా ముట్టు మొదటి రోజున మొదలుపెట్టండి, నెల మధ్యలో కాదు. నిద్ర వేళ మారితే ఆ నెల ఉష్ణోగ్రత గీత చదవడానికి పనికిరాదు. డాక్టరు అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్స్ రాస్తే వాటిని రాత్రే వేసుకోండి, వాటికే మత్తు ఉంటుంది. వాటి మీద మెలటోనిన్ అక్కర్లేదు. ముట్టు రెండు రోజులు ఆలస్యమైతే ముందు గర్భ పరీక్ష. రెండు గీతలు వస్తే ఆ రాత్రి నుంచే మెలటోనిన్, అశ్వగంధ, తగర ఆపేయండి. మెగ్నీషియం కొనసాగించాలా వద్దా మొదటి చెకప్‌లో డాక్టరును అడగండి.