గుడ్డ పైకప్పు కారుకు ‘వాటర్‌ప్రూఫ్’ కవరు కొంటున్నారా? ముందు ఇది చదవండి

గుడ్డ పైకప్పును వెనక్కి మడిచి తీసే కన్వర్టిబుల్ కారును ఆరుబయట నిలిపేవాళ్లు ఎవరైనా సరే, ఆన్‌లైన్‌లో 40, 50 డాలర్లకు ‘నూటికి నూరు శాతం వాటర్‌ప్రూఫ్, ఆరు పొరలు, అన్ని కాలాలకూ పనికొస్తుంది’ అంటూ అమ్ముతున్న వెండిరంగు కవర్ల జోలికి పోవద్దు. అలాంటి కవరు నా మజ్దా మియాటా పైకప్పుకు బూజు పట్టించింది, రంగు మీద గీతలు పెట్టింది. డబ్బు తిరిగి ఇమ్మంటే అమ్మినవాళ్లు తప్పంతా నా మీదికే నెట్టారు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో ఇలాంటి కార్లు ముచ్చటపడి కొన్నవాళ్లు నాకు తెలిసే కొందరున్నారు. వాళ్లలో గ్యారేజీ లేనివాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో కార్ల మీద నీడకు రేకు కూడా లేదు. వేసవిలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. వసంతంలో ఓక్ చెట్ల పుప్పొడి, ఏడాది పొడవునా పిట్టల రెట్టలు. వీటన్నిటికంటే పెద్ద బాధ పార్కింగ్ వరుస పొడవునా నాటిన క్రేప్ మర్టిల్ చెట్లతో. వాటి పూలు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి కానీ, ఆకులకు పేనుబంక పడుతుంది. ఆ పురుగులు విసర్జించే తియ్యటి జిగురు కింద ఉన్న కారు మీద సన్నటి తుంపరలా రాలుతుంది. కొన్నాళ్లు వదిలేస్తే దాని మీద మసిలాంటి నల్లటి బూజు పెరుగుతుంది. లోహం మీద పడింది సబ్బునీళ్లతో పోతుంది, గుడ్డ నేతలోకి ఇంకింది అంత తేలిగ్గా వదలదు. కాబట్టి కవరు అవసరమే. ఎలాంటి కవరు అన్న దగ్గరే మోసం జరుగుతోంది.

నేను కొన్న కవరు అమ్మకపు పేజీలో రెండు హామీలు పక్కపక్కనే ఉన్నాయి: చుక్క నీరు కూడా లోపలికి పోదు, తేమ మాత్రం బయటికి పోతుంది. మియాటా కొలతలతో కుట్టినదని కూడా రాశారు. వచ్చిన పెట్టె మీద చూస్తే చిన్న సెడాన్లన్నిటికీ పనికొచ్చే సైజు సంఖ్య ఒకటి ముద్రించి ఉంది, మియాటా పేరే లేదు. తర్వాత గొడవ మొదలయ్యాక అంచు కుట్టు విప్పి, ఒక ముక్క కత్తిరించి వెలుతురులో పట్టి చూశాను. ఆరు పొరలని చెప్పినచోట ఉన్నవి రెండు: వెండిరంగు పూత పూసిన పలచటి పాలియెస్టర్ ఒకటి, దాని వెనక గోరుతో గీరితే ఊడివచ్చే దూదిలాంటి పొర ఒకటి. పూతలను కూడా పొరలుగా లెక్కవేశారేమో తెలియదు. ఎలా లెక్కవేసినా ఆరు కావు.

మే నెలలో వరసగా కురిసిన వానలు తెరిపిచ్చాక కవరు తీస్తే ముందు వాసన కొట్టింది. కవరు లోపలివైపు నీటిబొట్లు బారులు తీరి ఉన్నాయి. పైకప్పు మీద, వెనక అద్దం చుట్టూ ఉన్న కుట్టు వెంబడి, బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో బూజు మచ్చలు. లోపల సీటు బెల్టుల మీద తెల్లటి నూగు. వెండి పూత ఎక్కడికక్కడ పొడిగా రాలి నల్లగుడ్డకు అంటుకుపోయింది. కవరు వదులుగా ఉండటంతో గాలికి కొట్టుకుని, వెనక చక్రాల పైభాగంలో రంగు మీద సన్నటి గీతలు వలయాలుగా పడ్డాయి. కారు అడుగు నుంచి బిగించే పట్టీకి ఉన్న ప్లాస్టిక్ బకిల్ తగిలిన చోట తలుపు కింది అంచున రంగు పెచ్చు లేచింది.

ఇదంతా ఎందుకు జరిగిందో తెలిస్తే కవర్ల ప్రకటనలను మీరు వేరే కంటితో చదువుతారు. కొన్ని కన్వర్టిబుల్ కార్ల కప్పు వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. గుడ్డ రకం అయితే మంచి బట్టలో మూడు పొరలుంటాయి: పైన యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు, లోపల మరో బట్ట. మసాచుసెట్స్‌లోని యాక్టన్‌లో ఉన్న హార్ట్జ్ సంస్థ ఇలాంటి బట్టలకు పేరుపడింది. వాన నీటిని ఆపేది మధ్యనున్న రబ్బరు. పై నేత కాస్త నీరు పీల్చుకుంటుంది, గాలికీ ఎండకూ ఆరిపోతుంది. అంటే వాన నుంచి కాపాడటానికి ఈ కప్పుకు మరో కవరు అవసరమే లేదు. దానికి కావలసింది ఎండ నుంచి, జిగురు నుంచి, రెట్టల నుంచి రక్షణ, ఆపైన తడిసినప్పుడు ఆరే వీలు. ఆవిరి పోనివ్వని కవరు సరిగ్గా ఆ వీలునే తీసేస్తుంది. పగలు ఎండకు లోపలి తేమ ఆవిరవుతుంది, రాత్రి చల్లబడగానే కవరు లోపలివైపు బొట్లుగా మారి మళ్లీ కప్పు మీదే కారుతుంది. మూత పెట్టిన ఇడ్లీ పాత్రలో జరిగేది ఇదే. వెచ్చదనం, తేమ, గాలి ఆడకపోవడం కలిస్తే బూజుకు ఇంకేం కావాలి?

అమ్మినవాళ్లు ఇచ్చిన జవాబు: ‘మీరు తడి కారు మీద కవరు కప్పి ఉంటారు, వాడిన వస్తువును వెనక్కి తీసుకోం.’ ఆరిన కారు మీదే కప్పాను. ఆ మాట అలా ఉంచినా, ఆరుబయట నిలిపే కారుకు నేల నుంచి తేమ లేస్తుంది, మంచు కురుస్తుంది, తుపాను గాలికి వాన కవరు అంచు కింద నుంచి కూడా కొడుతుంది. ఎప్పుడూ పొడిగా ఉండే చోట మాత్రమే పనికొచ్చే కవరును ‘అన్ని కాలాలకూ’ అని ఎలా అమ్ముతారు? నేను ఫిర్యాదు చేసిన తర్వాత పేజీలో ‘తేమ బయటికి పోతుంది’ అన్న వాక్యం మాయమైంది. కొన్న రోజే ఆ పేజీని ఫొటో తీసి దాచుకోవడం వల్ల క్రెడిట్ కార్డు సంస్థ నా మాట విని కవరు ధర వెనక్కి ఇప్పించింది. పైకప్పు శుభ్రం చేయించిన ఖర్చు, రంగు బాగుచేయించిన ఖర్చు మాత్రం నా నెత్తినే పడ్డాయి.

కవరు ఇంటికి రాగానే విప్పకుండానే పరీక్షించే మార్గం ఒకటుంది. కొన్ని కవర్లతో పాటు, మడిచి పెట్టుకోవడానికి అదే గుడ్డతో కుట్టిన సంచీ వస్తుంది. ఒక గ్లాసులో బాగా వేడి నీళ్లు పోసి, ఆ సంచీ గుడ్డను ఒకే పొరగా దాని మూతికి బిగించి రబ్బరు బ్యాండు వేయండి. పైన ఇంకో గాజు గ్లాసు బోర్లించండి. కాసేపట్లో పై గ్లాసు లోపల ఆవిరి పట్టి మసకబారితే ఆ గుడ్డ ఊపిరి పీలుస్తున్నట్టు. అద్దంలా శుభ్రంగానే ఉండిపోతే కవరు విప్పకుండా అదే పెట్టెలో తిప్పి పంపేయండి.

ఇప్పుడు నా కారు మీద ఉన్నది పోగు తీయకముందే ద్రావణంలోనే రంగు కలిపి, ఆ పోగులతో నేసిన యాక్రిలిక్ కవరు. నార్త్ కరోలినాకు చెందిన గ్లెన్ రావెన్ సంస్థ సన్‌బ్రెల్లా పేరుతో తయారుచేసే బట్ట ఈ రకమే. పడవల కప్పులకు, ఆరుబయట కుర్చీలకు వాడతారు. ఎండకు త్వరగా వెలిసిపోదు, గాలి ఆడుతుంది, మామూలు వానను చాలావరకు జార్చేస్తుంది. ధర నేను మొదట కొన్నదానికి ఎన్నో రెట్లు. అయినా కొత్త పైకప్పు వేయించే ఖర్చుతో పోలిస్తే తక్కువే. ఆర్డరు ఇచ్చేటప్పుడు కారు తయారైన సంవత్సరం తప్పకుండా చెప్పండి. 1989లో మొదలైన మియాటాకు ఇప్పటికి నాలుగు తరాలు వచ్చాయి, ఒకదాని కవరు ఇంకోదానికి బిగువుగా కూర్చోదు. వదులు కవరు గాలికి ఊగితే కింద చేరిన దుమ్ముతో రంగును గీరుతుంది. రోజూ కారు కడగడం కుదరనివాళ్లకు పైకప్పును, కిటికీలను మాత్రమే కప్పే సగం కవరు ఇంకా మేలు. రంగు మీద రాపిడి బాగా తగ్గుతుంది, ఒక్కరే తేలిగ్గా వేసి తీయవచ్చు.

వడగళ్ల నుంచి కాపాడుతుందని ఎవరైనా పలచటి కవరు అమ్మితే నమ్మకండి. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలపు వడగళ్లు లోహాన్నే సొట్టలు పెడతాయి. హెచ్చరిక రాగానే దగ్గరలోని బహుళ అంతస్తుల పార్కింగులోకి కారు తీసుకెళ్లడం, బీమాలో కాంప్రిహెన్సివ్ కవరేజీ (ఢీకొనడం వల్ల కాకుండా వడగళ్లలాంటి వాటి వల్ల జరిగే నష్టానికి వర్తించేది) ఉంచుకోవడం తప్ప వేరే దారి లేదు.

బూజు పడితే బ్లీచింగ్ వాడకండి, కుట్టు దారాలు చీకిపోతాయి. పీడనంతో నీళ్లు చిమ్మే యంత్రం కూడా వద్దు. గుడ్డ కప్పుల కోసమే అమ్మే ద్రావణం, మెత్తటి బ్రష్షు, ధారాళంగా నీళ్లు, ఆ తర్వాత పూర్తిగా ఎండలో ఆరడం. అప్పుడు నీటిని జార్చే ద్రవం మళ్లీ పట్టించాలి. తడిగా ఉన్న కప్పును ఎట్టి పరిస్థితిలోనూ మడవకండి.

కవరు ఎంత మంచిదైనా కింద ఆకులు, పూలరేకులు చేరుతూనే ఉంటాయి. అవి మియాటాలో సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న నీటి కాలువల్లో ఇరుక్కుంటాయి. కప్పు మీద పడిన వాన ఆ గొట్టాల ద్వారానే కారు కిందికి పోవాలి. అవి పూడుకుపోతే నీరు సీట్ల వెనక కార్పెట్లోకి, తలుపుల కింది లోహపు పెట్టెల్లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. పాత మియాటా కొనేవాళ్లు అక్కడ చెయ్యి పెట్టి తడి చూడకుండా బేరం ఆడవద్దు. శుభ్రం చేయడానికి గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగ సరిపోతుంది. ఇనుప తీగ గొట్టాన్ని చీలుస్తుంది, గట్టిగా గాలి కొడితే గొట్టం ఊడిపోవచ్చు.

ఇలాంటి కవరు ఇప్పటికే కొని నష్టపోయినవాళ్లు ఆలస్యం చేయకండి. కొన్న నాటి పేజీ ఫొటో, పెట్టె మీది సైజు సంఖ్య, కవరు లోపలివైపు తేమ కనిపించే ఫొటోలు దగ్గర పెట్టుకోండి. చెప్పినట్టుగా లేని వస్తువు మీద కార్డు సంస్థకు అభ్యంతరం తెలపాలంటే, ఆ మొత్తం కనిపించే మొదటి బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజుల లోపు అది రాతపూర్వకంగా వాళ్లకు అందాలని అమెరికా సమాఖ్య చట్టం చెబుతోంది. టెక్సాస్‌లో ఉన్నవాళ్లు రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల విభాగానికి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నేను చేశాను. ఒకే రకం కవరు మీద ఎక్కువమంది చేస్తే అక్కడ పట్టించుకునే అవకాశం పెరుగుతుంది కాబట్టి, మీరు కూడా చేయండి.