నెట్ కావాలంటే ముందు నెట్ ఉండాలి

పారిస్ విమానాశ్రయం బయటి హాలులో కుర్చీ మీద కూర్చుని సిమ్ మార్చబోయాను. ట్రే బయటికి లాగే పిన్ను ఇంట్లోనే మర్చిపోయాను. అమ్మ గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి చేతిలో పెట్టింది. అప్పుడే కొన్న ఫ్రెంచి సిమ్ పెట్టి, ట్రే లోపలికి నొక్కి, ఆశగా చూస్తే తెర మీద "సిమ్ నాట్ సపోర్టెడ్" అని వచ్చింది. తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. ఆపేసి ఆన్ చేశాను. అదే మాట.

అదే సిమ్ అమ్మ ఫోన్లో పెడితే అర నిమిషంలో నాలుగు గీతలు లేచాయి. అమ్మది నాలుగేళ్ళ కిందటి మామూలు ఫోను, అద్దం ఒక మూల పగిలింది కూడా. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంత డబ్బు పోసి కొన్నావు కదరా, నీది దీన్ని ఒప్పుకోదా?" అంది.

ఒప్పుకోదు. నా ఐఫోన్ అమెరికాలో వాయిదాల మీద కొన్నది. ఆఖరి వాయిదా బయల్దేరడానికి నెల ముందే కట్టేశాను కాబట్టి ఇక ఫోను నాదే అనుకున్నాను. వాయిదాలు అయిపోతే, వేరేవాళ్ళ సిమ్ పనిచెయ్యకుండా మొబైల్ నెట్‌వర్క్ కంపెనీ ఫోనుకి వేసిన తాళం దానంతట అదే పోతుందనుకోవడం నా తప్పు. మా కంపెనీ పద్ధతిలో మనం అడగాలి, వాళ్ళు పరిశీలించాలి, అప్పుడు తీస్తారు. డబ్బు కట్టడం నా వంతు, తాళం తీయడం వాళ్ళ వంతు, బతిమాలడం మళ్ళీ నా వంతే. ఐఫోన్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి వెళ్తే "క్యారియర్ లాక్" అనే వరస ఉంటుంది. దాని పక్కన "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటేనే ఏ దేశం సిమ్ అయినా పడుతుంది. పది సెకన్ల పని. పది రోజుల ప్రయాణానికి సాక్సులు లెక్కపెట్టుకున్నవాణ్ణి ఇది చూసుకోలేదు.

మా దారి పారిస్, బాసెల్, లూసెర్న్, మిలాన్, వెనిస్. అన్నీ రైళ్ళలోనే. చూసిన చోట్ల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం ప్రతి ఊరినీ అక్కడ ఫోను పనిచేసిన తీరుతోనే గుర్తుపెట్టుకున్నాను.

పారిస్ హోటల్లో వైఫై కింది హాలులో గుర్రంలా పరిగెత్తేది, ఐదో అంతస్తులోని మా గదికి వచ్చేసరికి ఆయాసపడేది. రాత్రి పది దాటాక హాలులో సోఫా మీద కూర్చుని మా కంపెనీ చాట్ తెరిచాను. అవతలి మనిషి చాలా మర్యాదగా "మీరు మీరేనని తెలుసుకోవడానికి మీ నంబరుకి ఒక కోడ్ పంపాను" అన్నారు. ఆ నంబరేమో రోమింగ్ చార్జీల భయంతో ఏరోప్లేన్ మోడ్‌లో ఉంది. మోడ్ తీశాను. కోడ్ వచ్చింది. దాని వెనకే ఇంకో మెసేజ్ వచ్చింది, ఆ రోజుకి రోమింగ్ పాస్, అంటే విదేశంలో ఫోను వాడుకున్నందుకు రోజు లెక్కన పడే రుసుము, మొదలైందని. కోడ్ కోసం కాదు, ఎస్సెమ్మెస్ రావడానికి డబ్బేమీ లేదు. డేటా రోమింగ్ బటన్ ఆన్‌లో మర్చిపోయాను. ఆ రోజు పొద్దున ఈఫిల్ టవర్ దగ్గర తీసిన ఫోటోలు ఇదే అదనని క్లౌడ్‌కి ఎక్కడం మొదలుపెట్టాయి. ఏరోప్లేన్ మోడ్ తీసే ముందు డేటా రోమింగ్ ఆపాలి. ఈ రెండు బటన్ల వరస తెలుసుకోవడానికి నాకు ఒక రోజు పాస్ ఖర్చయింది.

విన్నపం తీసుకున్నారు. రెండు పనిదినాలు పడుతుందన్నారు. ఆ రోజు శుక్రవారం.

ఇంతా చేసి ఆ తాళం సిమ్‌లో ఉండదు, ఫోన్లో చేత్తో తీయగలిగే చోటా ఉండదు. ఒక్కో ఫోనుకి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు పేరిట ఆపిల్ సర్వర్లో ఉన్న నమోదును కంపెనీ వాళ్ళు మార్పించాలి. ఈ-సిమ్ (ముక్క లేకుండా నెట్ మీద ఫోన్లోకి దించుకునే సిమ్) వేసుకున్నా అంతే, తాళం ఉన్నంతకాలం అదీ ఎక్కదు. నిద్ర పట్టక ఆ రాత్రి దీని చరిత్ర కొంత చదివాను. అమెరికాలో 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోనుకి కంపెనీ అనుమతి లేకుండా తాళం తీసుకోవడం కొంతకాలం చట్టవిరుద్ధంగా ఉండేది. జనం గోల పెట్టాక 2014 ఆగస్టులో చట్టం మార్చారు. కెనడా అయితే 2017 డిసెంబరు 1 నుంచి కొత్త ఫోన్లు తాళం లేకుండానే అమ్మాలని చెప్పేసింది. 2021 డిసెంబరులో బ్రిటన్ కూడా తాళం వేసిన ఫోన్లు అమ్మడానికి వీల్లేదంది. ఇవన్నీ తెలిశాక కోపం పెరిగిందే తప్ప నెట్ రాలేదు.

ఆ పాస్‌లో వేగమైన డేటా అయిపోయాక కూడా "ఉచిత డేటా" వస్తుందని మర్నాడు కనిపెట్టి సంబరపడ్డాను. వేగం 128 కేబీపీఎస్. అంటే సెకనుకి 16 కిలోబైట్లు. రెండు ఎంబీల ఫోటో ఒకటి రావాలంటే రెండు నిమిషాలు పైన. మ్యాపులో మా చుక్క కనిపించేది, చుట్టూ వీధులుండేవి కావు. బూడిదరంగు కాగితం మీద నీలం చుక్క.

కాబట్టి రెండు రోజులూ అమ్మ ఫోను హాట్‌స్పాట్ మీదే బతికాను. లూవ్ర మ్యూజియంలో గాజు పిరమిడ్ ముందు క్యూలో నిలబడ్డాం. టికెట్లు నా మెయిల్లో ఉన్నాయి. అమ్మ కాళ్ళు నొప్పులని కాసేపు పక్కకెళ్ళి గట్టు మీద కూర్చుంది. క్యూ కదిలి ముందుకెళ్ళేకొద్దీ నా నెట్ వెనకపడింది. టికెట్ చూపించే వంతు వచ్చేసరికి తెర మీద గుండ్రంగా తిరుగుతున్న సున్నా. వెనక్కి తిరిగి చేయి ఊపితే అమ్మ కూడా నవ్వుతూ చేయి ఊపింది. చివరికి వెనకున్న జంటని ముందుకి పంపి, అమ్మని పిలిచి పక్కన నిలబెట్టుకుంటే టికెట్ తెరుచుకుంది. ఆ సాయంత్రమే మిగిలిన టికెట్లన్నీ పీడీఎఫ్‌లుగా ఫోన్లో దించుకున్నాను, మ్యాపులు ఆఫ్‌లైన్‌కి పెట్టుకున్నాను. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. మ్యాపు ఫోన్లో ఉంటే చుక్కకి వీధులూ ఉంటాయి.

పారిస్ నుంచి బాసెల్‌కి రైల్లో మూడు గంటల పైచిలుకు. సరిహద్దుకి ముందున్న ఫ్రెంచి ఊరు ములూజ్ దాటే వరకు అమ్మ ఫోను బాగానే ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్లో దిగేసరికి డేటా చచ్చిపోయింది. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశం సిమ్ ఇంకో దేశంలో ఇంటి ధరకే నడవాలన్న నియమం ఉంది. దాన్ని 2032 దాకా పొడిగించారు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కూడా అందులోకి వస్తాయి. స్విట్జర్లాండ్ రాదు. పక్కనే గుప్పెడంత లీక్టెన్‌స్టైన్‌లో పనిచేసే సిమ్, దాన్ని ఆనుకున్న స్విట్జర్లాండ్‌లో పనిచెయ్యకపోవచ్చన్నమాట. కొన్ని కంపెనీలు స్విట్జర్లాండ్‌ని తమంతట తాము ప్యాకులో కలుపుతాయి. మా సిమ్‌వాళ్ళు కలపలేదు. అట్ట మీద దేశాల పేర్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి, నేను "యూరప్" అన్న పెద్ద అక్షరాలు చదివి కొన్నాను.

అయితే ఈ యాత్రలో నాకు నిజంగా నచ్చిన ఊరు బాసెలే, అదీ ఫోను వల్లే. ఎనిమిదో నంబరు ట్రామ్ ఎక్కి రైన్ నది రేవు దాకా వెళ్ళి కొంచెం నడిస్తే మూడు దేశాలు కలిసే చోటు వస్తుంది. ఎత్తయిన స్తంభం ఒకటి నిలబెట్టారు గాని అసలు బిందువు నది మధ్యలో ఉంది. నదికి అవతలి ఒడ్డున ఫ్రాన్సు, ఇవతలి ఒడ్డునే కొంచెం దిగువన జర్మనీ. మేం అక్కడ నిలబడిన అరగంటలో అమ్మ ఫోను ఒకసారి జర్మనీకి స్వాగతం అంది, ఒకసారి ఫ్రాన్సుకి తిరిగొచ్చేసింది, మధ్యలో స్విట్జర్లాండ్‌లో ఉన్నానని మూగబోయింది. "మనం కదల్లేదు కదరా, ఇదెక్కడెక్కడ తిరిగొస్తోంది?" అని అమ్మ పడీపడీ నవ్వింది.

అప్పుడు తట్టింది. నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి, వచ్చిన జాబితాలోంచి ఫ్రెంచి నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకున్నాను. సరిహద్దుకి దగ్గరగా ఉన్నంతసేపూ, సిగ్నల్ ఒకటి రెండు గీతలే అయినా, స్విట్జర్లాండ్ నేల మీద ఫ్రాన్సు డేటా వాడుకున్నాం. బాసెల్లో మా గది ఫ్రాన్సు వైపు కిటికీ ఉన్న గది కావడం అదృష్టం. ఫోను కిటికీ గట్టు మీద పెడితే నెట్, మంచం మీదికి తెస్తే లేదు. వాట్సాప్‌లో అక్కయ్యతో మాట్లాడాలంటే ఇద్దరం కిటికీలోకి తల పెట్టేవాళ్ళం. ఇది తిరగబడే ప్రమాదమూ ఉంది. ఫ్రాన్సు వైపే ఉన్నా ఫోను స్విస్ టవర్‌ని పట్టుకుంటే బిల్లు స్విస్ లెక్కన పడుతుంది. సరిహద్దు ఊళ్ళలో బస చేసేవాళ్ళు ఆటోమేటిక్‌ని నమ్మకూడదు.

లూసెర్న్‌లో బస విషయం మాత్రం ఇప్పటికీ కడుపులో మండుతోంది. అదొక చిన్న అతిథిగృహం, రిసెప్షన్ ఉండదు. తలుపుకి అంకెల తాళం. మేం దిగే రోజు మధ్యాహ్నం కోడ్ ఎస్సెమ్మెస్ చేస్తామని బుకింగ్‌లో రాశారు. వాన. అమ్మ చూరు కింద సూట్‌కేసు మీద కూర్చుంది. డేటా రోమింగ్ ఆపి (నేర్చుకున్నాను కదా), ఏరోప్లేన్ మోడ్ తీసి పదిహేను నిమిషాలు ఎదురుచూశాను. కోడ్ రాలేదు. చివరికి నా అమెరికా నంబరు నుంచే వాళ్ళకి ఫోన్ చేశాను. "మెయిల్ చేశామండీ" అన్నారు, అంకెలు చెప్పారు. రెండు నిమిషాల మాట, ఇంకో రోజు పాస్. గది చక్కగా ఉంది, కిటికీలోంచి సరస్సు కూడా కనిపిస్తుంది. కానీ మళ్ళీ వెళ్ళను. తాళంచెవి బదులు మెసేజ్ ఇచ్చేవాళ్ళు ఆ మెసేజ్ ముందు రోజే పంపాలి, తలుపు బయట వైఫై అందేలా అయినా పెట్టాలి.

స్టేషన్ల సంగతీ అంతే. ఒక పెద్ద స్టేషన్‌లో ఉచిత వైఫై బోర్డు చూసి ఆశగా కలిపితే, మొబైల్ నంబరు ఇవ్వండి, కోడ్ పంపుతాం అంది. నంబరు పనిచేసేవాడికి వైఫై ఎందుకు?

మంగళవారం రాత్రి లూసెర్న్ గదిలో ఉండగా మెయిల్ వచ్చింది, మీ ఫోను తాళం తీశామని. వెంటనే గది వైఫై మీద ప్రయాణికుల ఈ-సిమ్ ఒకటి కొన్నాను. క్యూఆర్ కోడ్ నా ఫోన్‌కే వచ్చింది. తన తెర మీద ఉన్న కోడ్‌ని తన కెమెరాతో ఏ ఫోనూ చూడలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోన్లలో కోడ్ మీద వేలు నొక్కిపెడితే చాలట. నాది అప్‌డేట్ చేసి ఎన్నాళ్ళయిందో. అమ్మ ఫోన్‌కి ఆ బొమ్మ పంపి, అమ్మ దాన్ని పట్టుకుంటే నేను స్కాన్ చేశాను. "కదలకు అమ్మా" అంటే ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది. పడింది, అయినా నెట్ రాలేదు. ఇంకో పావుగంట వెతికితే తెలిసింది, ఈ-సిమ్ లైనుకి డేటా రోమింగ్ ఆన్ చెయ్యాలని. ఇలాంటి ఈ-సిమ్‌లు చాలావరకు ఏదో ఒక దేశపు కంపెనీవి, అందుకే వెళ్ళిన చోటల్లా రోమింగ్ కిందే లెక్క. నాలుగు రోజులుగా ఆపి ఆపి అలవాటైన బటన్‌ని ఆన్ చేస్తుంటే చెయ్యి ఆడలేదు.

మిలాన్ రైలు గొట్టార్డ్ సొరంగంలోకి దూరాక కూడా, 57 కిలోమీటర్ల చీకట్లో నెట్ ఆగలేదు. దేశం దాటాక అమ్మ ఫ్రెంచి సిమ్ కూడా ఇటలీకి స్వాగతం అంటూ లేచి కూర్చుంది.

ఈ-సిమ్ వేగంగానే ఉంది గాని దానికీ తిక్కలున్నాయి. నాది పోలండ్ మీదుగా వెళ్తున్నట్టు వెబ్‌సైట్లు అనుకున్నాయి, ప్రకటనలన్నీ పోలిష్‌లో. మిలాన్‌లో బ్యాంకు యాప్ నన్ను దొంగననుకుని తలుపేసింది. దానికి ఫోన్ చేద్దామంటే ఈ-సిమ్‌కి నంబరే లేదు, డేటా ఒక్కటే. హోటల్ వైఫై మీద వైఫై కాలింగ్ పెట్టుకుని మాట్లాడితే గాని కార్డు తెరుచుకోలేదు.

బసల్లో నా ఓటు వెనిస్‌కి. పాత ఇల్లు, గోడలు మూరెడు మందం, లోపల మొబైల్ సిగ్నల్ సున్నా. కానీ ఇంటావిడ వారం ముందే వైఫై పేరు, పాస్‌వర్డు, పడవ దిగాక ఏ వంతెన దగ్గర మళ్ళాలో ఫోటోలతో సహా మెయిల్ చేసింది. వెనిస్ సందుల్లో జీపీఎస్ చుక్క కాలవల్లోకి దూకుతూ ఉంటుంది. ఆ ఫోటోల వల్లే ఇల్లు చేరాం.

మళ్ళీ వెళ్తే తాళం లేని ఫోను, వైఫై ఉండగానే దించుకున్న ఈ-సిమ్, అమ్మ ఫోన్లో నంబరున్న స్థానిక సిమ్, ఇవి మూడూ పెట్టుకుంటాను. ఇద్దరు వెళ్ళేటప్పుడు ఇద్దరికీ ఒకే రకం నెట్ తీసుకోవడం తెలివితక్కువ. రోజు పాస్ ఒకటి రెండు రోజులకైతే సుఖమే, పది రోజులకి దండగ.

ఇంటికొచ్చాక బిల్లులో మూడు రోజు పాసులున్నాయి. పారిస్‌ది నా తప్పు, లూసెర్న్‌ది వాన తప్పు. మూడోది మేం పడవలో తిరుగుతూ ఉన్న రోజుది, ఆ లైను ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నట్టే నాకు గుర్తు. అడుగుదామని ఫోన్ చేస్తే, ముందుగా మీ నంబరుకి కోడ్ పంపుతున్నాం అన్నారు.