స్టెప్నీ ఇవ్వని స్పోర్ట్స్ కారులో సన్న స్టెప్నీ: ఏళ్ల తరబడి వాడాక

మా కారుకు కంపెనీ స్టెప్నీ ఇవ్వలేదు. డిక్కీలో చాప ఎత్తితే చిన్న గాలి పంపు, దాని పక్కన సీలెంట్ (పంక్చర్ రంధ్రాన్ని లోపలి నుంచి పూడ్చే జిగురు) సీసా కనిపిస్తాయి. బరువు తగ్గాలని, కింద సైలెన్సర్‌కు చోటు కావాలని చాలా స్పోర్ట్స్ కార్లలో ఇదే ఏర్పాటు చేస్తారు. ఆ సీసా మీద నమ్మకం కుదరక, బయట వెతికి ఒక కాంపాక్ట్ స్టెప్నీ, అంటే తాత్కాలికంగా వాడే సన్న చక్రం, తెచ్చి పెట్టుకున్నాను. ఏళ్లు గడిచాయి. దాన్ని రోడ్డు మీద నిజంగా బిగించాల్సిన అవసరం కూడా ఒకటికి మించే పడింది. ఈ కారు కోసం నేను కొన్న వస్తువులన్నిటిలో ఇంతగా అక్కరకు వచ్చింది ఇంకొకటి లేదు. అయితే దొరికిన చక్రమల్లా పట్టదు. బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని కొనేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు పరీక్ష ముందు చక్రాల బ్రేకు దగ్గర ఉంటుంది.

ముందు సీసా సంగతి. సీలెంట్ పనిచేసేది ట్రెడ్‌లో, అంటే రోడ్డుకు ఆనే భాగంలో, మేకు దిగిన సన్న రంధ్రానికే. మహా అయితే 4 నుంచి 6 మిల్లీమీటర్లు. టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్, చిట్లితే సీసా మొత్తం ఒంపినా నురగ బయటికి వచ్చేస్తుంది తప్ప గాలి నిలవదు. చిక్కేమిటంటే స్పోర్ట్స్ కార్లకు ఎక్కువగా తగిలేది ఆ రెండో రకం దెబ్బే. మా వెనుక టైరు 255/40ఆర్18. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ 18 అంగుళాలు. లెక్కవేస్తే సైడ్‌వాల్ ఎత్తు 102 మిల్లీమీటర్లు మాత్రమే. గుంత అంచు తగిలితే టైరు రిమ్‌కూ రోడ్డుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. దానికి తోడు సీలెంట్‌కు గడువు తేదీ ఉంటుంది, అది దాటితే సీసా మార్చాల్సిందే. ఒకసారి సీలెంట్ పోసిన టైరుకు ప్యాచ్ వేయమంటే కొందరు షాపువాళ్లు ముఖం తిప్పుకుంటారు. లోపలంతా జిగురు కడగాలి కాబట్టి వాళ్లనూ అనలేం.

రన్‌ఫ్లాట్ టైర్లు ఇంకో దారి. షెవ్రోలే కార్వెట్ 1997లో అయిదో తరంతో ఆ దారే పట్టింది, స్టెప్నీ తీసేసింది. గాలి పోయినా మామూలుగా 80 కిలోమీటర్ల వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు పోవచ్చు. కానీ సైడ్‌వాల్ గట్టిగా ఉంటుంది కాబట్టి ప్రతి గతుకూ ఒంటికి తెలుస్తుంది. పెద్దగా చిరిగితే అవీ ఆగిపోయేవే. నాకు నచ్చలేదు.

ఇక కొలతలు. ఓపికగా లెక్క వేయాల్సింది ఇక్కడే. మా ముందు టైర్లు 225/45ఆర్18, వెనుకవి 255/40ఆర్18. టైరు వెడల్పును దాని శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ అంగుళాలను 25.4తో గుణించి కలిపితే మొత్తం వ్యాసం వస్తుంది. ముందుది 659.7 మిల్లీమీటర్లు, వెనుకది 661.2. వెడల్పులు వేరైనా ఎత్తు దాదాపు ఒకటే అని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాంపాక్ట్ స్టెప్నీ మీద సైజుకు ముందు 'టి' అనే అక్షరం ఉంటుంది, తాత్కాలికం అని దాని అర్థం. నాకు మొదట దొరికింది టి125/70డి17. చేతికి తేలిగ్గా ఉంది, డిక్కీ గుంతలో చక్కగా కూర్చుంటుంది. వ్యాసం మాత్రం 606.8. మా ముందు చక్రం కంటే 8 శాతం చిన్నది. కారు ఒక పక్కకు వాలుతుంది, ఒక చక్రం మిగతా వాటికంటే వేగంగా తిరుగుతోందని ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్లకు తెలిసిపోతుంది. వద్దనుకున్నాను. చివరికి తీసుకున్నది టి135/80ఆర్17. వ్యాసం 647.8, తేడా రెండు శాతం లోపే. నేను 3 శాతం దాటకూడదని గీత గీసుకున్నాను.

బోల్టుల లెక్క త్వరగా చెప్పేస్తాను. అయిదు రంధ్రాలుంటే చాలదు, అవి ఉండే వలయం వ్యాసం కూడా కలవాలి: 100, 112, 114.3, 120 మిల్లీమీటర్లు ఇలా రకాలున్నాయి. 112 వలయం ఉన్న చక్రాన్ని 114.3 హబ్‌కు (కారు వైపు చక్రం బిగించే భాగం) బలవంతంగా బిగించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నట్టు వంకరగా కూర్చుంటుంది, దారిలో వదులవుతుంది. నడిమి రంధ్రం హబ్ కంటే చిన్నదైతే చక్రం అసలు ఎక్కదు, కాస్త పెద్దదైతే మధ్యలో రింగు వేసుకోవచ్చు. నట్టు కూర్చునే చోటు శంకువు ఆకారమా, గోళాకారమా అన్నదీ చూడాలి. మీ కారుకు నట్లు కాకుండా బోల్టులుంటే ఇంకో ప్రమాదం ఉంది. అల్లాయ్ రిమ్ మందంగా ఉంటుంది, స్టెప్నీ ఇనుప రిమ్ పలచన. అల్లాయ్ బోల్టులే దీనికి బిగిస్తే వాటి కొస లోపలికి ఎక్కువగా పొడుచుకొచ్చి బ్రేకు భాగాలకు తగలొచ్చు. అలాంటి కార్లకు స్టెప్నీతో పాటు పొట్టి బోల్టుల సెట్ విడిగా ఉంచుకోవాలి.

ఇక బ్రేకు. స్పోర్ట్స్ కార్లలో ముందు చక్రాల క్యాలిపర్లు, అంటే బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగాలు, లావుగా ఉంటాయి. స్టెప్నీ రెండు చోట్ల తగలొచ్చు: రిమ్ లోపలి గుండ్రానికి క్యాలిపర్ పైభాగం, రిమ్ ముఖానికి క్యాలిపర్ ముందు భాగం. 16 అంగుళాల రిమ్ మా క్యాలిపర్ మీదే కూర్చుండిపోయింది, హబ్ దాకా వెళ్లనే లేదు. 17 అంగుళాలది వెళ్లింది. వెళ్లింది కదా అని వదిలేయలేదు. పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు క్యాలిపర్ మీద రెండు చోట్లా అతికించి, చక్రం బిగించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి విప్పాను. నలిగిన ముద్ద మందమే మిగిలిన సందు. పైన వేలి మందాన క్లే మిగిలింది. ముఖం వైపు 4 మిల్లీమీటర్లు. ఇనుప రిమ్ కొంచెం వంగుతుంది, వేడికి బ్రేకు కొంచెం పెరుగుతుంది, అందుకే 3 మిల్లీమీటర్లకు తగ్గితే నేను ఒప్పుకోను. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపల సస్పెన్షన్‌కు రాసుకోవడం లేదని కూడా చూసుకోవాలి. ఈ పరీక్ష అంతా ఇంటి దగ్గర, పగటిపూట, కొనే ముందే జరగాలి. అమ్మేవాళ్లు ఒక రోజుకు చక్రం ఇచ్చి చూసుకోమంటే వాళ్ల దగ్గరే కొనండి.

ముందు బ్రేకుకు పట్టాలని ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. మా కారు వెనుక చక్రాల డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు వెళ్తుంది. ఆ రెండు చక్రాల వేగాల మధ్య తేడా ఎక్కువ కాకుండా పట్టి ఉంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కూడా ఉంది. వెనుక ఒక పక్క చిన్న చక్రం వేస్తే తిన్నగా పోతున్నా రెండు పక్కలా వేగం వేరుగా ఉంటుంది. డిఫరెన్షియల్ లోపలి క్లచ్ పలకలు ఆగకుండా రాసుకుంటాయి, వేడెక్కి అరుగుతాయి. అందుకే వెనుక టైరు పోయినా స్టెప్నీ మాత్రం ముందుకే పోవాలి. వెనుక డ్రైవ్ కార్లవాళ్లు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి.

హైవే మీద రాత్రివేళ వెనుక ఎడమ టైరు సైడ్‌వాల్ చిట్లినప్పుడు చేసింది అదే. ముందు ఎడమ వైపు జాకీ పెట్టి, బాగున్న ముందు చక్రం తీసి అక్కడ స్టెప్నీ వేశాను. తర్వాత జాకీని వెనక్కు మార్చి, పోయిన చక్రం తీసి ఆ ముందు చక్రాన్ని అక్కడ బిగించాను. వరుస ఇదే అయితే జాకీ రెండుసార్లు ఎత్తితే సరిపోతుంది. వెనుక నుంచి మొదలుపెడితే మూడోసారి ఎత్తాల్సి వస్తుంది. వెనుక ఒక పక్క 225, ఇంకో పక్క 255 ఉన్నాయి కానీ వ్యాసంలో తేడా మిల్లీమీటరున్నరే కాబట్టి డిఫరెన్షియల్‌కు ఇబ్బంది లేదు. ముందు చక్రం వెనుక హబ్‌కూ పడుతుందా అన్నది మాత్రం ఇంటి దగ్గరే చూసి ఉంచుకోవాలి.

డ్రైవింగ్ ఎలా ఉంటుందంటే, మీ కారు కాదన్నట్టే ఉంటుంది. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు నొక్కితే సన్న టైరు వైపు ఏబీఎస్ ముందే కొట్టుకోవడం మొదలుపెడుతుంది, తడి రోడ్డు మీద ఇంకా తొందరగా. టైరు మీద వేగం అక్షరం 'ఎం' అని ఉంటుంది, లెక్క ప్రకారం అది 130 కిలోమీటర్లు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, రిమ్ మీద స్టిక్కర్ 80 అని చెబుతుంది, 80 అంటే 80. వానలో నేను 60 దాటను. గాలి సెన్సార్ ఉండదు కాబట్టి డాష్‌బోర్డులో లైటు వెలుగుతూనే ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇంటికో, టైరు షాపుకో చేరాక వెంటనే తీసేయాలి. వారం రోజులు దాని మీదే తిరిగేవాళ్ల మాట నాకు మింగుడుపడదు.

చాలామందికి ముందుగా తట్టని ఇబ్బంది, విప్పిన చక్రం ఎక్కడ పెట్టాలన్నది. 255 వెడల్పు చక్రం సన్న స్టెప్నీ గుంతలో పట్టదు. మాది రెండు సీట్ల కారు. పక్క సీటులో మనిషి ఉంటే ఆ చక్రం డిక్కీలో సామాను మీదే కూర్చోవాలి, డిక్కీ మూత పడుతుందా లేదా కొలిచి పెట్టుకోండి. మురికి అంటకుండా ఒక పెద్ద సంచీ ఉంచాను. స్టెప్నీని కూడా ఊరికే పడేయకూడదు. గట్టి బ్రేకుకో, గుద్దుకున్నప్పుడో అంత బరువు లేచి ముందుకు వస్తుంది. నేలలోని కొక్కేలకు రాచెట్ బెల్టుతో బిగించాను.

దీనికి 60 పీఎస్‌ఐ గాలి కావాలి, మామూలు టైరుకు దాదాపు రెట్టింపు. వాడకపోయినా గాలి దిగుతుంది. నెలకోసారి చూస్తాను, తగ్గితే కారుతో వచ్చిన ఆ పంపుతోనే కొడతాను. సైడ్‌వాల్ మీద నాలుగంకెల తయారీ కోడ్ కూడా చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. పైకి కొత్తగా మెరుస్తున్నా రబ్బరుకు వయసు వస్తుంది. పదేళ్లు దాటిన స్టెప్నీని నేను డిక్కీలో ఉంచను.

జాకీ సంగతి విడిగా చూసుకోవాలి. కారు అసలే కింద ఉంటుంది, గాలి పోయాక ఇంకా దిగిపోతుంది, మామూలు జాకీ కిందకు దూరదు. పొట్టి జాకీ, దాని కింద ఒక చెక్క, పొడుగు పిడి ఉన్న స్పానర్, టార్చ్, చేతి తొడుగులు ఒకే సంచీలో పెట్టాను. ఏ చక్రం ముందు విప్పాలో, నట్లు ఎంత టార్క్‌కు (ఎంత బలంతో తిప్పి) బిగించాలో రాసిన కాగితం కూడా అందులోనే ఉంది. మా తమ్ముడు కారు తీసుకెళ్లినప్పుడు పంక్చర్ పడితే ఆ కాగితం చూసే మార్చుకున్నాడు, నాకు ఫోన్ కూడా చేయలేదు. ఇంటికి వచ్చాక టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూశాం.

కొన్ని కార్లకు ఏ కాంపాక్ట్ స్టెప్నీ పట్టదు. ముందు బ్రేకులు మరీ పెద్దవైతే 18 అంగుళాల సన్న రిమ్ కూడా దాటకపోవచ్చు. అలాంటప్పుడు మీ కారు మోడల్‌దే పాత ముందు చక్రం ఒకటి టైరుతో సహా కొని, దూర ప్రయాణాలకు మాత్రం వెంట పెట్టుకోండి. డిక్కీ సగం పోతుంది, కానీ 80 పరిమితి ఉండదు, బ్రేకు కూడా తగలదు.