గుడ్డను బట్టే కాలరు: గవర్నర్‌పేట మేడ మీది దర్జీ

నా మెడ పొట్టి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త వాలి ఉంటుంది. రెడీమేడ్ చొక్కా వేసుకుంటే కాలరు దవడకు తగులుతుంది. పోనీ అని ఒక సైజు పెంచితే భుజాల కుట్లు మోచేతుల వైపు దిగుతాయి. ఆఫీసు చొక్కాలు కుట్టించుకోవడానికి ఏ దర్జీ అయినా సరిపోతాడు. టక్ చేయకుండా, పై గుండీ పెట్టకుండా, పెళ్లి భోజనానికీ రైలు ప్రయాణానికీ వేసుకునే చొక్కా దగ్గరే అసలు పేచీ. చాలామంది దర్జీలు దాన్నీ ఆఫీసు చొక్కాలాగే కుట్టి, రంగు మాత్రం మన ఇష్టానికి వదిలేస్తారు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మందుల దుకాణం మేడ మీద ఉన్న ఈ దర్జీ గది గురించి రాయాలనిపించింది అందుకే. బోర్డు లేదు. రెండు కుట్టు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు వేలాడే ఆది చొక్కాలు, అంతే. మాస్టారికి అరవై దాటి ఉంటాయి. ఫోనులో కాలరు ఫొటో చూపించబోతే చేత్తో వారించి, "ముందు గుడ్డ చూపించండి" అంటారు. గుడ్డ మూల పట్టుకుని రెండు మడతలు వేసి, గోటితో గీరి, బల్ల మీద నిలబెడతారు. అది నిలబడిందా, వాలిందా, కూలిందా చూశాకే కాలరు మాట ఎత్తుతారు. కాలరంటే రెండు పొరల గుడ్డ, అది నిలబడేందుకు మధ్యలో వేసే బక్రం. గుడ్డకు సొంతంగా ఎంత బలముందో తెలియకుండా బక్రం ఎంచకూడదన్నది ఆయన లెక్క.

నేను మొదట ఇచ్చింది నీలిరంగు మంగళగిరి నూలు గుడ్డ. గుంట మగ్గం మీద నేసిన 80 కౌంటుది. ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అంత కౌంటు. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. పడుగూ పేకా సన్ననివే అయినా నేత బిగువుగా ఉంటుంది కాబట్టి ఈ గుడ్డ చేతికి నిండుగా తగులుతుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మాస్టారి పరీక్షలో కొంచెం వాలి నిలబడింది. బటన్ డౌన్ కాలరు కుడతానన్నారు. కొసలను చిన్న గుండీలతో చొక్కాకు కట్టేసే ఈ పద్ధతి పోలో ఆటగాళ్ల నుంచి వచ్చింది. గుర్రం పరుగెడుతుంటే కొసలు ఎగిరి మొహానికి కొట్టకుండా చేసుకున్న ఏర్పాటు. నాకు గుర్రం లేదు గానీ స్కూటరు ఉంది.

ఈ కాలరు అందం కొసలో లేదు, మెడ పట్టీ నుంచి ఆ చిన్న గుండీ దాకా గుడ్డ కొద్దిగా ఉబ్బి వంపు తిరగడంలో ఉంది. కొస పొడవు రెండున్నర అంగుళాలైతే ఆ వంపు రాదు, మూడు దాటాలి. లోపల గట్టి బక్రం ఉన్నా రాదు. ఇస్త్రీ వేడికి గుడ్డకు అతుక్కుపోయే బక్రం ఇప్పుడు దాదాపు అందరూ వాడుతున్నారు. పని త్వరగా తెములుతుంది, కొత్తలో కాలరు నిగనిగలాడుతుంది. తర్వాత నూలు గుడ్డ నీళ్లకు ముడుచుకుని బక్రం ముడుచుకోకపోతే కాలరంతా బుడగలు లేస్తాయి. మాస్టారు దీనికి మెత్తటి నూలు బక్రాన్ని అంటించకుండా కుట్టారు. గుడ్డనూ బక్రాన్నీ రాత్రంతా నానబెట్టి, నీడన ఆరబెట్టాకే కత్తెర పట్టారు. నానబెట్టే పని మనమే ఇంట్లో చేసి తెస్తే కూలి తగ్గించరు, చొక్కా మాత్రం ఒకరోజు ముందు ఇస్తారు. మెడ పట్టీకి వెనకవైపు మామూలుగా పెట్టే ఎత్తు అంగుళంపావు. నాకు అంగుళానికి దించారు. ఆ పావు అంగుళంతో నా దవడకూ కాలరుకూ రాజీ కుదిరింది.

రెండోది లినెన్. అవిసె నారకు సాగే గుణం చాలా తక్కువ, అందుకే పడిన మడత అలాగే ఉండిపోతుంది. కానీ బెజవాడ మే నెలలో చెమటను పీల్చుకుని త్వరగా ఆరడంలో దీనికి సాటి మరొకటి నా బీరువాలో లేదు. నలుగుతుందని లినెన్‌కు గంజి పెట్టించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. నలగని గుడ్డే కావాలంటే పాలియెస్టర్ కలిపినవి చవగ్గా దొరుకుతాయి కదా. దీనికి నేను చైనా కాలరు అడిగాను. "నిలువు పట్టీ మీ మెడను ఉన్నంతా మింగేస్తుందండీ" అని మాస్టారు ఒప్పుకోలేదు. క్యూబన్ కాలరు కుట్టారు. దీనికి మెడ పట్టీ ఉండదు. చొక్కా ముందు భాగంతో కలిసిపోయి ఛాతీ మీద చదునుగా పరుచుకుంటుంది. బక్రం పని స్వల్పం, నలిగినా దీనికి అదే అందం. వేసుకుని బయటికి వస్తే మా ఆవిడ, ఈ మెడ ఇన్నాళ్లూ ఎక్కడ దాచారని అడిగింది.

ఈ చొక్కాలో ఒక లోపం ఉంది. ముందు వైపు లోపలికి మడిచిన గుడ్డను కుట్టకుండా వదిలేశారు. ఉతికినప్పుడల్లా అది బయటికి తిరిగి చూస్తోంది. తీసుకెళ్తే అక్కడికక్కడే లోపల రెండు చేతికుట్లు వేసి ఇచ్చారు. ఆ రెండు కుట్లు మొదటే పడాల్సింది.

చైనా కాలరు చివరికి మా బావగారికి దక్కింది, ఆయనది కొంగమెడ. గుడ్డ పొందూరు ఖద్దరు. శ్రీకాకుళం జిల్లాలో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేసేది. బల్ల మీద నిలబెడితే మారుమాట లేకుండా కూలిపోయింది. మాస్టారు బక్రమే వాడలేదు. పట్టీ ఎత్తు అంగుళం లోపే ఉంచి, మధ్యలో అదే ఖద్దరు మరో పొర వేశారు. మెడ చుట్టూ రెండు వేళ్లు దూరేంత వదులు. బావగారు ఆ చొక్కాను మిషన్‌లో వేయనివ్వడం లేదు, అది మంచిదే.

పోచంపల్లి ఇకత్ తీసుకెళ్లేవారు గుడ్డ కాస్త ఎక్కువే కొనండి. గుండీల పట్టీ దగ్గరా జేబు దగ్గరా బొమ్మ కలవాలంటే ముక్కలు వృథా అవుతాయి. కాలరుకు వేరే రంగు గుడ్డ వేయమని మాత్రం అడగవద్దు. ఇకత్ చొక్కాను హోటల్ యూనిఫాంగా మార్చే ఉపాయం అది.

ఇంకొక విషయం నాకు ఇక్కడే తెలిసింది. పై గుండీ పెట్టని చొక్కాకు రెండో గుండీయే దిక్కు. అది పై గుండీకి మూడున్నర అంగుళాలకంటే కిందికి ఉంటే ఛాతీ తెరుచుకుపోతుంది, మరీ పైన ఉంటే పీక పట్టేస్తుంది. మాస్టారు కుర్చీలో కూర్చోబెట్టి, సుద్దతో గుర్తు పెడతారు. నిడివి కూడా ఆఫీసు చొక్కాకంటే రెండు మూడు అంగుళాలు తగ్గిస్తారు.

కూలి పొట్టి చేతులకు 450 రూపాయలు, పొడుగు చేతులకు 550. గుడ్డ మనదే. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలైతే నా ఒంటికి పొట్టి చేతుల చొక్కాకు రెండు మీటర్లు, పొడుగు చేతులకు రెండుంపావు పట్టింది. వాళ్లు వేసే ప్లాస్టిక్ గుండీలు నాసిరకం. కొబ్బరి చిప్పవో ముత్యపు చిప్పవో మీరే కొని తీసుకెళ్లండి. కాజాలు కూడా మిషన్ మీద తీస్తే లినెన్ పోగులు లేస్తున్నాయి. చేతి కాజాలు అడిగితే చొక్కాకు వంద ఎక్కువ తీసుకుని చక్కగా తీస్తారు. అడగకపోతే ఆ సంగతి వాళ్లు చెప్పరు, అది నాకు నచ్చలేదు.

చెప్పిన తేదీకి ఇవ్వడం వాళ్ల వల్ల కాదు. దసరా నుంచి సంక్రాంతి దాకా వాళ్లు రాసిచ్చిన తేదీకి మరో వారం కలుపుకోండి. కొత్తగా వెళ్లేవారు ముందు ఒక్క చొక్కాకే గుడ్డ ఇవ్వండి. దాన్ని ఉతికి వేసుకుని, తేడాలు వెళ్లి చెబితే మాస్టారు మీ కొలతల పక్కనే పుస్తకంలో రాసుకుంటారు. తర్వాతి చొక్కాలకు గుడ్డ పంపిస్తే చాలు.