బాక్ 3సి మౌత్‌పీస్: మూడు నెలలు వాయించాక

తిరుపతిలో పెళ్లిళ్ల బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాను, నాలుగేళ్లుగా బాక్ కంపెనీ 7సి సైజు మౌత్‌పీసే (పెదవులకు ఆనించి ఊదే ముక్క) వాడాను, ఈ సీజన్‌లో 3సి సైజుకు మారాను. పెదవులు ఆనే చిన్న గిన్నెలాంటి కప్పు లోపలి వెడల్పు 7సికి 16.20 మిల్లీమీటర్లు, దీనికి 16.30. వెంట్రుకంత తేడానే, కానీ పెదవికి మొదటి రోజే తెలిసిపోయింది.

మొదటి వారం చాలా టెన్షన్ పడ్డాను. ఊరేగింపు లీలామహల్ సర్కిల్ దాటేసరికి పెదవి అలిసిపోయి పైస్వరాలు పలకలేదు. తప్పు మౌత్‌పీస్‌ది కాదు, పైకి వెళ్లాలంటే దాన్ని మూతికేసి నొక్కడం నా పాత అలవాటు.

అందుకని రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, పెదవుల కొసలు బిగించి మధ్యలో వదులుగా ఉంచి, నాలుక అసలు కదపకుండా ఒట్టి ఊపిరితో 'హూ' అంటూ ఐదు గీతల స్వరలిపిలో రెండో గీత మీది జి నోట్ ఎత్తుకోవడం మొదలుపెట్టాను. ముందు గాలి బుస్సుమనేది, ఆ తర్వాతే స్వరం వచ్చేది. పది రోజులకు రెండూ కలిశాయి. అప్పుడే 'తు' చేర్చాను. నాలుక పైపళ్ల వెనక తాకి తప్పుకుంటుంది, అంతే, గాలిని తోసేది అది కాదు. 'దు' అంటే ఎత్తుగడ మెత్తగా వస్తుంది, కీర్తనలకు నాకు అదే నచ్చింది.

ఇప్పుడు కింది స్వరాలు నిండుగా పలుకుతున్నాయి, డోలు పక్కనే మోగుతున్నా వినిపిస్తున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం 7సితోనే మొదలుపెట్టండి. కొనేటప్పుడు ట్రంపెట్ షాంక్ (వాయిద్యంలోకి దూర్చే గొట్టం) అని అడిగి తీసుకోండి, ట్రంపెట్ లాంటిదే అయిన కార్నెట్ వాయిద్యానిది సన్నగా ఉంటుంది, సరిగ్గా కూర్చోదు.