ఇంపాట్ డేటాబేస్: ఆరు నెలలు వాడాక నా మాట

ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం ఆరు నెలలుగా దాదాపు రోజూ ఇంపాట్ తెరుస్తున్నాను. మన దేశపు ఔషధ మొక్కల్లో ఏయే రసాయనాలున్నాయో ఒకచోట చేర్చిన డేటాబేస్ ఇది, చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ వాళ్లది, పైసా కట్టక్కర్లేదు. 2018లో వచ్చినప్పుడు 1,742 మొక్కలుండేవి, రెండో వెర్షన్‌కి 4,010 మొక్కలు, 17,967 రసాయనాలు అయ్యాయి. షుగర్‌కి, ఫ్యాటీ లివర్‌కి మొక్కల్లో మందు వెతుకుదామనుకునే ఫార్మసీ, బయోటెక్ పిల్లలెవరైనా ముందు ఇక్కడికే రావాలి.

నేను మొదట వెతికింది పొడపత్రి. అమ్మమ్మ వాళ్లింటి కంచె మీద పాకి ఉండేది. చిన్నప్పుడు రెండాకులు నమిలించి, వెంటనే నోట్లో బెల్లం ముక్క పెట్టేది. తీపి అస్సలు తెలిసేది కాదు, ఇసుక నమిలినట్టుండేది. ఆ ఆకులోని జిమ్నెమిక్ యాసిడ్లు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాల్ని కాసేపు మూసేస్తాయి, అందుకే అలా. ఇంపాట్‌లో ఆ మొక్క శాస్త్రీయ నామం కొడితే ఏ భాగంలో ఏ రసాయనం దొరికిందో విడివిడిగా వచ్చేసింది. అప్పటిదాకా దీనికోసమే పాత పేపర్లు తిరగేసి ఒక్కొక్కటీ ఎక్సెల్‌లో ఎక్కించుకునేదాన్ని. పైగా త్రీడీ నిర్మాణం డాకింగ్‌కి (రసాయనం ఎంజైమ్ లాంటి ప్రోటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్లో అంచనా వేయడం) కావలసిన పీడీబీక్యూటీ ఫైల్‌గానే దిగుతుంది, అది నాకు మిగిల్చిన రాత్రులు అన్నీ ఇన్నీ కావు.

కష్టం ఆ తర్వాతే మొదలైంది. సిటాగ్లిప్టిన్ అనే షుగర్ మాత్ర పట్టుకునే డీపీపీ-4 ఎంజైమ్‌ని తీసుకుని ఆటోడాక్ వినా అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో నడిపితే, పట్టు ఎంత గట్టిదో చెప్పే స్కోరులో జిమ్నెమిక్ యాసిడ్ ఆ మాత్రని దాటి పైకొచ్చింది. పరుగున వెళ్లి మా మేడమ్‌కి చూపించాను. "అణుభారం చూశావా అమ్మా?" అన్నారు. 800 పైనే, సిటాగ్లిప్టిన్‌ది 407. అణువు పెద్దదైతే ఎంజైమ్‌ని ఎక్కువ చోట్ల తాకుతుంది, చాలావరకు ఆ తాకిడికే స్కోరు పెరుగుతుంది. అదీగాక 2010లో వినా తెచ్చినవాళ్లే తమ పేపర్లో ఆ స్కోరు అంచనాలో ప్రామాణిక దోషం (అంచనా అటూ ఇటూ తప్పే మేర) మోల్‌కి 2.85 కిలోక్యాలరీలని రాశారు, మనమేమో అర పాయింటు తేడాకి ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు ఇచ్చేస్తుంటాం!

అందుకే ఇంపాట్‌లోని డ్రగ్-లైక్ జాబితా (అణుభారం లాంటి నియమాలతో జల్లెడ పట్టి, మందుగా పనికొచ్చే లక్షణాలున్నాయని తేల్చినవి) వదలకుండా చూడమంటాను. అంత పెద్ద పట్టికలో ఆ జల్లెడలన్నీ దాటినవి 1,335 మాత్రమే. అలాగని దాటనివన్నీ దండగ కాదు. అకార్బోస్ అనే షుగర్ మందు కూడా ఈ నియమాలకు లొంగదు, కానీ అది రక్తంలోకి వెళ్లక్కర్లేకుండా పేగులోనే పిండిపదార్థం విరగకుండా ఆపుతుంది. పొడపత్రిని కూడా పేగు వైపు నుంచి చూడాలేమోనని నాకు తట్టింది అప్పుడే.

ఒక్క లోటు మాత్రం గట్టిగా చెప్పాలి. రసాయనం ఉందని ఉంటుంది గానీ ఎంత ఉందో ఉండదు. కిలో ఆకులో చిటికెడు దొరికేదీ, గుప్పెడు దొరికేదీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఐదుకి నాలుగిస్తున్నాను, ఆ ఒక్కటీ తగ్గించింది ఇందుకే.

ఇంకో మాట. మా జూనియర్ ఒకమ్మాయి డబ్బు కట్టి బయట డాకింగ్ చేయించుకుంది. రంగురంగుల బొమ్మలు వచ్చాయి, రీడాకింగ్ మాత్రం లేదు. ప్రయోగంలో తేల్చిన ఎంజైమ్ క్రిస్టల్ నిర్మాణంలో ఉన్న సిటాగ్లిప్టిన్‌నే బయటికి తీసి మళ్లీ పెట్టి చూడాలి కదా (ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 1ఎక్స్70 అనే ఫైల్లో అది ఉంది), రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు పాత చోటికే వస్తేనే మన సెట్టింగులు నమ్మాలి. వైవాలో ఆ ప్రశ్నకి పాపం ఏమీ చెప్పలేకపోయింది. ఎవరికైనా డబ్బు కట్టేముందు ఇది చేస్తారా అని అడగండి.

నాన్నకి పదేళ్లుగా షుగర్. స్క్రీన్ మీద పొడపత్రి చూసి "పొడి చేసుకుని తాగనా, ఆ మాత్ర మానేసి?" అన్నారు. ఆయన వేసుకునే ఆ మెట్‌ఫార్మిన్ మాత్ర వెనక కూడా గలేగా అనే మొక్క ఉందని, దాంట్లోని గలెజీన్‌కి విషగుణం ఉండటంతో దాని బంధువుల్లాంటి రసాయనాల మీద ఏళ్ల తరబడి పనిచేశారని, 1957లో గానీ ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ దాన్ని షుగర్ మందుగా మనుషుల్లో చూపించలేదని చెప్పాను. మాత్ర మానలేదు. వచ్చే నెల మా ల్యాబ్‌లో, పేగులో పిండిపదార్థాన్ని విరిచే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమ్ మీద పరీక్ష పెడుతున్నాను, అమ్మమ్మ కంచె మీది ఆకుతోనే.