నాలుగేళ్ళ ల్యాప్‌టాప్, ఒక ఎర్ర చుక్క

ఈ ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్ళు దాటింది. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అనేవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి, వాటి జోలికి పోను. కీబోర్డు ఇప్పటికీ బాగుంది. బ్యాటరీ ముసలిదైంది, అది ఎవరిదైనా అయ్యేదే. నేను చెప్పాలనుకున్నది దీంతో పాటు వచ్చిన అప్‌డేటర్ గురించి, అంటే డ్రైవర్లకి (వైఫై, సౌండ్ లాంటి ఒక్కో భాగాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్లకి) కొత్త వెర్షన్లు వచ్చాయేమో చూసి వేసే ప్రోగ్రాం గురించి. తయారీ కంపెనీ పేరు చెప్పను, ఇలాంటి ప్రోగ్రాం చాలా కంపెనీల ల్యాప్‌టాపుల్లో ఏదో ఒక పేరుతో ఉంటూనే ఉంది.

మొదటి ఏడాది దీన్ని నేనే నలుగురికీ పొగిడి చెప్పాను. వైఫై డ్రైవర్, టచ్‌ప్యాడ్ డ్రైవర్, బయోస్ (విండోస్ కంటే ముందే లేచి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అన్నీ ఒకేచోట చూపిస్తుంది, ఒక్క బటన్ నొక్కితే చాలు అని. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను కానీ, 'ఒక్క బటన్' అన్నాను చూశారా, దాన్ని ఎన్నిసార్లు నొక్కాలో అప్పుడు నాకు తెలీదు.

సౌండ్ డ్రైవర్‌తో మొదలైంది. కింద మూల ఐకాన్ మీద ఎర్ర చుక్క కనిపించింది, నొక్కాను, ఇన్‌స్టాల్ అయింది, రీస్టార్ట్ అడిగింది, చేశాను. 'విజయవంతం' అని పచ్చటి టిక్కు కూడా పెట్టింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే చుక్క, అదే సౌండ్ డ్రైవర్, అదే వెర్షన్. సరే ఏదో తేడా జరిగి ఉంటుందిలే అని మళ్ళీ వేశాను. మూడోరోజూ అదే. నాలుగైదుసార్లయ్యాక పట్టుదల వచ్చేసింది, దానికెంత మొండితనమో నాకూ అంతే అని రోజూ వేస్తూ పోయాను. తర్వాత హిస్టరీ తెరిచి లెక్కపెడితే 11 సార్లు, పదకొండు పక్కనా పచ్చటి టిక్కే. అన్నిటికంటే మండించింది ఏంటంటే ఇందులో 'వద్దు' అనే బటన్ లేదు. 'తర్వాత గుర్తు చేయి' అని మాత్రం ఉంది. ఎంత తర్వాత అంటే ఒక రోజు, లేకపోతే మూడు రోజులు, అంతే.

వెతికితే అందరూ చెప్పే మందు ఒకటే: విండోస్ అప్‌డేట్ సర్వీసునీ, బిట్స్ అనే దాని తోడు సర్వీసునీ ఆపి, విండోస్ అప్‌డేట్ తన ఫైళ్ళు పెట్టుకునే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, మళ్ళీ స్టార్ట్ చేయండి అని. చేశాను. దాంతో జరిగిందల్లా సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ హిస్టరీ ఖాళీ అయిపోవడం. ఎర్ర చుక్క ఎక్కడికీ పోలేదు. ఎందుకు పోతుంది, అది విండోస్ అప్‌డేట్ పెట్టిన చుక్క కాదు కదా, కంపెనీ అప్‌డేటర్ పెట్టింది. ఈ చిన్న సంగతి తట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఈలోగా విండోస్ ఫైళ్ళు పాడయ్యాయేమో చూసే సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపాను, అలాంటిదే డిజమ్ కమాండ్ నడిపాను, అన్నీ బాగానే ఉన్నాయన్నాయి. నిజంగానే బాగున్నాయి.

ఇంకో తప్పుదారి కూడా పట్టాను. 2024 జనవరిలో విండోస్ 10కి కేబీ 5034441 అని ఒక అప్‌డేట్ వచ్చింది, చాలామందికి అది ఫెయిలవుతూ మళ్ళీ మళ్ళీ వచ్చేది, 80070643తో ముగిసే ఎర్రర్ కోడ్ చూపిస్తూ. రికవరీ పార్టిషన్‌లో (విండోస్ పాడైతే బాగుచేయడానికి డిస్కులో విడిగా ఉంచే భాగంలో) 250 ఎంబీ ఖాళీ లేకపోవడం దాని గొడవ. నాదీ అదేనేమో అని పార్టిషన్ సైజులు కొలవడానికి కూర్చున్నాను. తర్వాత తట్టింది, వాళ్ళది ఫెయిలై తిరిగొచ్చే అప్‌డేట్, నాది పాసై తిరిగొచ్చేది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ రోగాలు వేరు. మీకు ఇలాంటిది వస్తే ముందు హిస్టరీ తెరిచి 'విజయవంతం' అనుందా, 'విఫలం' అనుందా చూడండి, సగం దారి అక్కడే తేలిపోతుంది.

చివరికి నేను చేయాల్సిన మొదటి పని పన్నెండో రోజున చేశాను: కంప్యూటర్‌లోని పరికరాలన్నీ చూపించే డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్ డివైస్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ చూశాను. పాత వెర్షనే ఉంది! పదకొండుసార్లు ఇన్‌స్టాల్ చేసింది ఒక్కసారి కూడా వాడుకలోకి రాలేదన్నమాట.

అసలు సంగతి ఏంటంటే, ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ కొత్త డ్రైవర్ ఫైళ్ళు విండోస్ డ్రైవర్ స్టోర్‌లోకి, అంటే విండోస్ డ్రైవర్లన్నీ దాచుకునే ఫోల్డర్‌లోకి, చేరుతున్నాయి. సెటప్ దృష్టిలో పని అక్కడితో అయిపోయింది, టిక్కు పెట్టేసింది. కానీ ఏ డ్రైవర్ వాడాలన్నది విండోస్ తేలుస్తుంది. రెండూ ఆ హార్డ్‌వేర్‌కి సమానంగా సరిపోతే అది ముందు చూసేది తేదీ, తేదీలు కూడా ఒకటే అయితేనే వెర్షన్ నంబర్. నా సిస్టమ్‌లో అప్పటికే విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన డ్రైవర్ ఒకటి ఉంది, దాని వెర్షన్ నంబర్ చిన్నది, తేదీ మాత్రం కొత్తది. కంపెనీవాళ్ళ దానికి నంబర్ పెద్దది, తేదీ పాతది. విండోస్ తేదీ చూసి 'ఉన్నదే కొత్తది' అని దాన్నే ఉంచింది. అప్‌డేటర్‌కి నంబరొక్కటే కనబడుతుంది కాబట్టి మర్నాడు వచ్చి 'నీది పాతది' అంది. ఇద్దరూ ఎవరి లెక్కలో వాళ్ళు కరెక్టే, మధ్యలో రీస్టార్టులు కొట్టింది నేను.

డ్రైవర్ తేదీల గురించి ఇంకో ముచ్చట, పనికొస్తుంది. ఈ గొడవలో మిగతా డివైసుల తేదీలు కూడా చూస్తే హార్డ్ డిస్కుకి 2006 జూన్ 21 అనుంది, ఇంటెల్ చిప్‌సెట్‌వి కొన్నిటికి 1968 జూలై 18. గుండె గుభేలుమంది, ఇంత పాత డ్రైవర్లా అని కొత్తవి వెతకబోయాను. అక్కర్లేదట. విండోస్ తనతో పాటు తెచ్చుకునే డ్రైవర్లకి కావాలనే 2006 తేదీ వేస్తుంది, తయారీదారు ఇచ్చిన డ్రైవర్ ఉంటే దాని మీద తనది పడకూడదని. 1968 జూలై 18 ఇంటెల్ పుట్టిన రోజు. వాటిని చూసి కంగారు పడకండి, నేను ఒక సాయంత్రం పడ్డాను, చాలు.

పరిష్కారం పావుగంట పని. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, కంప్యూటర్‌లో వెతుకు, ఆ తర్వాత అందుబాటులో ఉన్న లిస్టు నుంచి నేనే ఎంచుకుంటాను అనే ఆప్షన్. అక్కడ రెండు డ్రైవర్లూ పక్కపక్కనే కనిపించాయి, పెద్ద నంబర్ దాన్ని చేత్తో ఎంచాను. చుక్క పోయింది. తొమ్మిదో రోజున విండోస్ అప్‌డేట్ వచ్చి తన డ్రైవర్ తను పెట్టేసింది, చుక్క మళ్ళీ వచ్చింది. అప్పుడు మైక్రోసాఫ్ట్‌దే 'షో ఆర్ హైడ్ అప్‌డేట్స్' అనే చిన్న టూల్ తెచ్చి ఆ ఒక్క డ్రైవర్‌ని దాచేశాను, మళ్ళీ చేత్తో మార్చాను. దాని కొత్త వెర్షన్ విడుదలైతే ఈ దాపరికం పనిచేయదు, అది తెలిసే చేశాను.

ఇంతా చేశాక సౌండ్ ఏమైనా బాగుపడిందా అంటే, లేదు. నా చెవికి రెండూ ఒకటే. నిజానికి పాత డ్రైవర్‌తో ఏ ఇబ్బందీ లేదు, చుక్కని పట్టించుకోకుండా ఉండగలిగితే సరిపోయేదే. నేను ఉండలేను, అది నా జబ్బు.

మరి ఈ ల్యాప్‌టాప్ కొనొచ్చా అంటే, ఇంట్లో ఒక్కటే మెషీన్ ఉండి, ఇలాంటివాటితో కుస్తీ పట్టే ఓపిక ఉన్న నాలాంటివాళ్ళకి పర్వాలేదు, కీబోర్డు కోసమైనా నేను మళ్ళీ ఇదే కంపెనీ చూస్తానేమో. పెద్దవాళ్ళకి ఇవ్వాలంటే మాత్రం ముందే ఆ అప్‌డేటర్ తీసేసి, డ్రైవర్ల పని విండోస్‌కే వదిలేసి ఇస్తాను. బయోస్ అప్‌డేట్లు అప్పుడప్పుడు కంపెనీ సైట్‌లో మనమే చూసుకోవాల్సి వస్తుంది, అది వేరే సంగతి.

మూడు నెలలుగా చుక్క లేదు. నిన్న ఒకటి కనిపించింది, బయోస్‌ది. ఈసారి నొక్కే ముందు లోపల ఉన్న వెర్షన్ చూశాను, నిజంగానే కొత్తది వచ్చింది. 'మూడు రోజుల తర్వాత గుర్తు చేయి' నొక్కాను.